పొగలేని వంటయిల్లు: కట్టెల పొయ్యిని కట్టుట, వాడుట, కాపాడుట

సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియు చోటికి చేరువలో, సాక్చీ అను చిన్న గ్రామమున 1908వ సంవత్సరములో టాటా ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమైనది. 1912 ఫిబ్రవరిలో అచట మొదటి ఉక్కు దిమ్మ వెలువడినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూరు అను పేరు వచ్చినది. ఉక్కు పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వెళ్లిన తెలుగు కుటుంబములు అనేకము అచట తరతరములుగా నివసించుచున్నవి.

కొలిమి దగ్గర పనిచేయు కార్మికునకు రెండు సంగతులు చక్కగా తెలియును. నిప్పునకు గాలి కావలెను. పొగ పోవుటకు త్రోవ కావలెను. కర్మాగారములో పొగగొట్టము పూడిపోయినచో పని నిలిచిపోవును. అయితే కట్టెలు మండించు ఇండ్లలో వంట పొయ్యికి గొట్టమే లేకపోవుట తరచుగా చూచుచున్నాము. ఆ పొగ గృహిణి కన్నులలోనికి, ఆమె ఒడిలోని బిడ్డ ఊపిరితిత్తులలోనికి పోవుచున్నది.

పొగ వలన కలుగు కీడు

కట్టె పొగలో కంటికి కనబడని మిక్కిలి సూక్ష్మమైన కణములు, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఉండును. ఆ కణములు ఊపిరితిత్తుల లోతునకు చేరును. ఏండ్ల తరబడి పొగ పీల్చిన స్త్రీలకు తగ్గని దగ్గు, ఆయాసము, గుండె జబ్బు, కంటి శుక్లములు కలుగు అవకాశము హెచ్చు. పసిపిల్లలకు న్యుమోనియా సోకును. గర్భిణి పొగలో మెలగినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. 2020వ సంవత్సరములో ఇంటిలోని పొగ కారణముగా ప్రపంచమున 32 లక్షల మంది మరణించిరని, వారిలో 5 ఏండ్లు నిండని పిల్లలు 2,37,000 మందికి పైగా ఉండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

పొగ చేదుగా నుండుటయే దాని ప్రమాదమని కొందరు తలంతురు. అది సరికాదు. కన్ను మండనంత పలుచని పొగ కూడ దినదినము పీల్చినచో హాని చేయును.

పూర్వము జరిగిన యత్నములు

ఈ బాధను తొలగించుటకు మన దేశమున చాలకాలముగా కృషి జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టర్ ఎస్. పి. రాజు పొగగొట్టము గల మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఒకే మంట మీద ఒకదాని తరువాత ఒకటిగా పాత్రలు కాగుట, మిగిలిన పొగ గొట్టము గుండ వెలుపలికి పోవుట ఆ పొయ్యి లక్షణములు. 1983లో భారత ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. అది 2002 వరకు సాగినది.

సింగ్‌భూమ్‌కు పొరుగున నున్న ఒడిశాలో తరువాతి కాలమున జరిగిన పరిశోధన ఒకటి ముఖ్యమైన పాఠము చెప్పుచున్నది. 44 గ్రామములలో సుమారు 2,600 కుటుంబములను నాలుగేండ్ల పాటు పరిశీలించిరి. గొట్టపు పొయ్యి కట్టిన మొదటి సంవత్సరమున వండువారు పీల్చు పొగ తగ్గెను. తరువాత ఆ మేలు నిలువలేదు. పొయ్యిలను తగినట్లు వాడకపోవుట, పగుళ్లు పూడ్చకపోవుట, గొట్టములు శుభ్రము చేయకపోవుట అందులకు కారణములు. కనుక పొయ్యి కట్టుటతో పని ముగియదు. దానిని కాపాడుటయే అసలు పని.

పొయ్యి కట్టు విధము

మొదట చోటు ఎన్నుకొనవలెను. వెలుపలి గోడకు ఆనియుండు మూల మేలు. వాకిటి నుండి వీచు గాలి నేరుగా పొయ్యి నోటిపై కొట్టరాదు. కట్టెల మోపు, గుడ్డలు, నూనె డబ్బాలు దగ్గర నుండరాదు.

ఇటుకలతో అరుగు కట్టి, దానిపై బంకమన్ను, ఇసుక, సన్నగా నరికిన వరిగడ్డి కలిపి త్రొక్కిన మట్టితో పొయ్యి మలచవలెను. నిప్పు గదిలో ఇనుప ఊచల జల్లెడ అమర్చినచో కట్టె క్రిందికి గాలి చేరి మంట చక్కగా మండును. పాత్ర అడుగునకు, కట్టెకు నడుమ మంట విప్పారుటకు చోటు విడువవలెను. కంతలు ఇంటిలో వాడు పాత్రలకు సరిపోవునట్లు చేయవలెను. సందు ఉన్నచోట పొగ వెలికివచ్చును.

పొగగొట్టము సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసము గలదై, కాల్చిన మట్టిదో, ఇనుప రేకుదో కావలెను. పూర్వము ఆస్‌బెస్టాస్ గొట్టములు వాడుచుండిరి. వాని పొడి ఊపిరితిత్తులకు హానికరమగుట వలన వానిని వాడరాదు. గొట్టము పైకప్పు కంటె సుమారు ఒక మీటరు ఎత్తున నిలువవలెను. పైన వాన పడకుండ రేకు టోపీ పెట్టి, పొగ పోవుటకు చుట్టును సందు ఉంచవలెను. పూరి కప్పు గుండ గొట్టము తీయరాదు. గోడ గుండ తీసి, కప్పునకు దూరముగా నిలుపవలెను. వంపు ఉన్నచోట మసి తీయుటకు మూత గల ద్వారము అవసరము.

కట్టిన పొయ్యిని పది దినములు నీడలో ఆరనిచ్చి, తరువాత రెండు మూడు దినములు చిన్న మంటలే వేయవలెను. పచ్చి మట్టిపై పెద్ద మంట వేసినచో పగుళ్లు పారును.

మంట వేయు విధము

పచ్చి కట్టెలో తూకమున సగము వరకు నీరు ఉండవచ్చును. ఆ నీరు ఆవిరి అగుటకే వేడి ఖర్చై, మిగిలినది పొగగా మారును. జంషెడ్‌పూరు ప్రాంతమున జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు కురియును. కనుక చలికాలమున చీల్చిన కట్టెను వేసవి అంతయు ఎండనిచ్చి, తొలకరికి ముందే చూరు క్రింద, నేలకు తగులకుండ పేర్చవలెను. రెండు కట్టెలను తట్టినప్పుడు ఖంగున మ్రోగినచో అవి ఎండినట్లు గ్రహింపవచ్చును.

ముందుగా సన్నని పుల్లలతో గొట్టమును వేడి చేయవలెను. తరువాత రెండు మూడు సన్నని కట్టెల కొనలను మాత్రమే లోపల ఉంచి, కాలిన కొలది జరుపవలెను. నోరంతయు కట్టెలతో నింపినచో గాలి చొరదు. పాత్ర లేని కంతను మూయవలెను. పాత్రలపై మూతలు పెట్టినచో కట్టె ఆదా అగును. కిటికీ తెరచియుండవలెను. ఊదు గొట్టముతో మాటిమాటికి ఊదవలసివచ్చుచున్నదనిన, కట్టె తడిగా నున్నదని గాని గొట్టము మూసికొనిపోయినదని గాని తెలిసికొనవలెను.

కిరసనాయిలు పోసి మంట రేపుట ప్రాణాపాయకరము. ప్లాస్టిక్కు, రంగు వేసిన చెక్క పొయ్యిలో వేయరాదు. పైట చెంగు దోపుకొని వండవలెను. పసిపిల్లలను పొయ్యికి దూరముగా ఉంచవలెను. ఎవరికైన ఒళ్లు కాలినచో, కాలిన చోట 20 నిమిషములు చల్లని నీరు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికి చూపవలెను. సిరా, పేడ, పండ్ల పేస్టు పూయరాదు.

కాపాడు విధము

ప్రతిదినము వంట మొదలిడకముందు చల్లారిన బూడిద తీయవలెను. నెలకొకమారు, పొయ్యి పూర్తిగా చల్లారిన పిమ్మట, త్రాటికి కొబ్బరి పీచు కట్ట కట్టి గొట్టములో పైకి క్రిందికి లాగవలెను. అపుడు పొయ్యి నోటిని తడి గోనెతో మూసి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. పేరుకొనిన మసి అంటుకొనినచో ఇల్లే కాలవచ్చును. పగుళ్లను ఎప్పటికప్పుడు మట్టితో మెత్తవలెను. వానలకు ముందు టోపీని, అతుకులను పరీక్షింపవలెను.

గొట్టము పొగను లాగుచున్నదా అని తెలిసికొనుటకు వెలిగించిన అగరువత్తిని పొయ్యి నోటి దగ్గర పట్టవలెను. పొగ లోనికి పోయినచో సరి. గదిలోనికి వచ్చినచో గొట్టము శుభ్రము చేయవలెను.

చలికాలపు కుంపటి

ఛోటానాగపూరు పీఠభూమి అంచున నున్న ఈ పట్టణమున డిసెంబరు, జనవరి రాత్రులు చలిగా నుండును. తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి ప్రక్కన పరుండు అలవాటు మిక్కిలి ప్రమాదకరము. పొగ లేని నిప్పుకణికల నుండి కూడ కార్బన్ మోనాక్సైడు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, కండ్లు తిరుగుట కలిగి, నిద్రించువారు నిద్రలోనే మరణింతురు. అట్టి లక్షణములు కనబడినచో తలుపులు తెరచి, రోగిని వెంటనే బయటి గాలిలోనికి చేర్చి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కుంపటిని పరుండు గదిలో ఎన్నడును ఉంచరాదు.

గొట్టపు పొయ్యి పొగను తగ్గించును గాని పూర్తిగా పోగొట్టదు. ఇండ్లు క్రిక్కిరిసిన బస్తీలో అది పొరుగింటిని చేరును. కనుక గ్యాసు గాని విద్యుత్తు గాని వాడగల కుటుంబము దానినే ఎన్నుకొనుట శ్రేయస్కరము. పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చు ఉజ్జ్వలా పథకము 2016 మే 1న ప్రారంభమైనది. అయితే గ్యాసు ఉన్న ఇండ్లలో కూడ నీళ్లు కాచుటకు కట్టెల పొయ్యి మిగిలియున్నచో, దానికి సైతము గొట్టము, శుభ్రత తప్పనిసరి.

గుర్తుంచుకొనవలసినవి

1. ఎండిన కట్టెనే వాడవలెను.
2. నెలకొకమారు గొట్టము తుడువవలెను.
3. పగులు కనబడిన దినముననే పూడ్చవలెను.
4. వండునపుడు కిటికీ తెరచియుంచవలెను.
5. గర్భిణులను, పసిపిల్లలను పొగకు దూరముగా ఉంచవలెను.
6. మూసిన గదిలో కుంపటితో నిద్రింపరాదు.

పొయ్యిని శుభ్రముగా ఉంచుట గృహిణి యొక్కతె బాధ్యత కాదు. కప్పు ఎక్కి గొట్టము తుడుచుట, కట్టె చీల్చి ఎండబెట్టుట ఇంటిలోని పురుషులు చేయదగిన పనులు. అందరును తలయొక చేయి వేసినచో వంటయింటి గోడ తెల్లగా నిలుచును. వండు తల్లి దగ్గు లేక ఊపిరి పీల్చుకొనగలుగును.