తూకం చూపని మార్పు, టేపు చూపే సూచన

ప్రశ్న: మరమగ్గం నడిపే 45 ఏళ్ల మనిషికి బరువు ఎక్కువ లేకున్నా పొట్ట ముందుకొచ్చింది. షుగరు వచ్చే సూచన నడుము కొలతలో తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, సాఖర్ పేఠ్, సోలాపూర్

జవాబు: తెలుస్తుంది, అయితే అది సూచనే తప్ప నిర్ధారణ కాదు. రక్తంలోని చక్కెరను కణాల్లోకి చేర్చే ఇన్సులిన్‌కు కండరాలు, కాలేయం సరిగా స్పందించకపోవడాన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు; క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేసి ఈ లోటును కొన్నేళ్లు కప్పిపుచ్చుతుంది గనుక, ఆ దశలో పరగడుపు పరీక్ష మామూలుగానే రావచ్చు. కడుపులోని అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వుకు ఈ నిరోధకతతో దగ్గరి సంబంధం ఉంది. పుణెకు చెందిన మధుమేహ పరిశోధకుడు యాజ్ఞిక్, బ్రిటిష్ సహచరుడు యుడ్కిన్‌తో తనను పోల్చుకుంటూ 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన చిత్రం, బరువు ఎక్కువ లేకున్నా ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉండవచ్చన్న సంగతిని కళ్లకు కడుతుంది: ఇద్దరి బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, 22.3 కాగా, శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

దక్షిణాసియా వారిలో నడుము చుట్టుకొలతకు హద్దు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు. ఎత్తులో సగానికి మించినా జాగ్రత్తపడాలి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, బట్ట అడ్డు లేకుండా కొలవాలే గాని, పొట్ట కిందికి జారే ప్యాంటు సైజును నమ్మరాదు. మెడ వెనక రుద్దినా పోని నల్లదనం ఉంటే అనుమానం బలపడుతుంది. ఇంట్లో రోజంతా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే ఇల్లాలు ఉంటే ఆమె నడుమునూ కొలిచి, హద్దు దాటినవారు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, రక్తపోటు, కొవ్వుల పరీక్షలు చేయించుకోవాలి.