పొయ్యి వెలగదు, గిన్నె కాగుతుంది

ఈ సంచికకి కవితో కథో ఇమ్మన్నారు. కానీ హాస్టల్ వదిలి బయట గది తీసుకుంటున్న జూనియర్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అన్నా, ఇండక్షన్ స్టవ్ ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుందా?" సరిపోతుంది. కాకపోతే గ్యాస్ పొయ్యి అలవాట్లు దీనికి పనికిరావు. రెండేళ్లుగా నలుగురం ఒకే స్టవ్ మీద వండుకుంటున్నాం కాబట్టి, తెలిసినంత పాఠంలా రాస్తున్నాను.

వేడి ఎక్కడ పుడుతుంది?

ఇంటర్ ఫిజిక్సులో విద్యుదయస్కాంత ప్రేరణ చదివాం కదా, 1831లో ఫారడే కనిపెట్టింది. ఇది అదే. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. గోడలోంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటుని లోపలి సర్క్యూటు ముందు డీసీగా మార్చి, ఆ తర్వాత సెకనుకి 20 వేలసార్లకి పైగా ఊగే కరెంటుగా చేసి చుట్టలోకి పంపుతుంది. అలా మారే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగున ఎడ్డీ కరెంట్లని పుట్టిస్తుంది. ఆ కరెంట్లకి ఇనుము నిరోధం ఎక్కువ, అందుకే అడుగు వేడెక్కుతుంది. అంటే ఇక్కడ గిన్నే పొయ్యి.

కాబట్టి ముందు గిన్నె సంగతి చూసుకోవాలి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లండి. అడుగున గట్టిగా పట్టుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. అమ్మ ఇచ్చిన సత్తు గిన్నె, రాగి చెంబు, మట్టికుండ పనికిరావు. స్టీలు గిన్నెల్లో కూడా కొన్నిటికి అయస్కాంతం అంటుకోదు. అడుగు చదునుగా ఉండాలి, సొట్టలుంటే వేడి సమంగా రాదు. కుక్కర్ కొనేటప్పుడు ఇండక్షన్ అడుగు ఉన్నదే అడగండి.

అసలు ప్రమాదం గోడ దగ్గర

పోయినేడాది మా పక్క గదివాళ్లు ఫోన్ ఛార్జర్లు పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సుకే స్టవ్ తగిలించారు. పావుగంటకి ప్లాస్టిక్ కాలిన వాసన. మెయిన్ ఆపి చూస్తే ప్లగ్గు కరిగి సాకెట్‌కి అతుక్కుపోయింది. పట్టపగలు, అందరూ గదిలోనే ఉన్నారు కాబట్టి అంతటితో పోయింది.

లెక్క వేద్దాం. 2000 వాట్లని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లకి చేసింది. ప్లగ్గు వదులుగా ఉండి, పిన్ను దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 7.5 వాట్ల పైమాటే. బఠాణీ గింజంత చోట అంత వేడి ఆగకుండా పుడుతుంటే ప్లాస్టిక్ నిలవదు. అందుకే స్టవ్‌ని 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా పెట్టండి. పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్లో పెట్టించే కన్వర్టర్లు వద్దు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి. పది నిమిషాలు వండాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నులు ఉన్న వైపు చెయ్యి దగ్గర పెట్టి చూడండి. వేడి కొడుతుంటే సాకెట్ మార్పించాలి.

మిగతా జాగ్రత్తలు

స్టవ్ కింద, వెనక గాలి రంధ్రాలుంటాయి. దుప్పటి మీదో న్యూస్‌పేపర్ మీదో పెడితే అవి మూసుకుపోతాయి. ఇనుప బల్ల మీద కూడా పెట్టకండి. వంట అయ్యాక ఫ్యాన్ ఇంకాసేపు తిరుగుతుంది. అది ఆగాకే గోడ స్విచ్ ఆపండి, లేకపోతే లోపలి పార్టులు వేడికి త్వరగా పోతాయి. గాజు తనంతట తాను వేడెక్కకపోయినా, గిన్నె వేడి దానికి ఎక్కుతుంది. దించగానే చెయ్యి పెడితే కాలుతుంది. గాజు పగిలితే ఆ రోజు నుంచి వాడకండి, నీళ్లు పగుల్లోంచి కరెంటు ఉన్న చోటికి దిగుతాయి.

పోపుకి ఎప్పుడూ తక్కువ వాట్లే. పల్చటి మూకుట్లో నూనె ఇక్కడ చాలా త్వరగా పొగలొస్తుంది. ఒకవేళ నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా, స్విచ్ ఆపి మూత వేసెయ్యండి. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ని అడిగాకే వాళ్లని స్టవ్ దగ్గరికి రానివ్వాలి.

కరెంటు బిల్లు

లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి సుమారు 293 కిలోజౌళ్లు కావాలి. వంద వాట్లలో 85 గిన్నెకి చేరుతున్నాయనుకుంటే, 2000 వాట్ల మీద మూడు నిమిషాల లోపే మరుగుతాయి. ఖర్చయ్యేది యూనిట్లో పదో వంతు. కానీ మరిగాక అదే జోరు మీద ఉంచితే నీళ్లు వంద డిగ్రీలు దాటవు, ఊరికే ఆవిరైపోతాయి. కాబట్టి పొంగు రాగానే తగ్గించండి. మూత పెట్టండి. కందిపప్పు అరగంట ముందు నానబెట్టండి. కుక్కర్ మొదటి విజిల్ వచ్చాక సగానికి దించండి.

గది చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లొస్తాయా, నెట్ ఉందా అని అందరం అడుగుతాం. 16 ఆంపియర్ల సాకెట్ ఉందా, ఎర్త్ పనిచేస్తోందా అని కూడా ఓనర్ని అడగండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాకే అడ్వాన్స్ ఇవ్వండి. స్టవ్ ఆ తర్వాత కొనుక్కోవచ్చు.