సామాజిక న్యాయం – కరువు పని కూలి

మన రాజ్యాంగ ప్రవేశికలో సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయం అని ఉంది. సోషల్ పరీక్షకు అందరమూ కంఠతా పట్టినదే. రాజకీయ న్యాయమంటే ఓటు అని సులభంగా తెలుస్తుంది. సామాజిక న్యాయం మాత్రం నాకు కూలి లెక్క చూసినాకే అర్థమయింది.

మాది సుగాలీ తండా. మా యాడి (అమ్మ), నాయన చదువుకోలేదు. శెనక్కాయలు పీకే పనికి పోతే నాయనకు ఒక కూలి, యాడికి అంతకంటే తక్కువ. ఇద్దరూ పొద్దున్నే పోతారు, ఒకే ఆటోలో తిరిగి వస్తారు. ఎందుకు తక్కువ అంటే, ఆడోళ్ల కూలి అంతే అంటారు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం చేశారు. అది చేని గట్టు దాకా రాలేదు.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. దాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ప్రారంభించారు. అప్పుడు మన లేపాక్షి కూడా అనంతపురం జిల్లాలోనే ఉండేది, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మనోళ్లు దాన్ని కరువు పని అనే అంటారు. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, ఆడకు మగకు ఒకే రేటు, 15 రోజుల్లో కూలి అని ఆ చట్టంలో రాశారు. పని కావాలని అర్జీ పెడితే తేదీ వేసి రసీదు ఇయ్యాల. 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇయ్యాల. దానమైతే ఇచ్చే ఆయన దయ. హక్కయితే రసీదు అడగొచ్చు. నాకు ఈ రసీదు మాటే బాగా నచ్చింది.

ఇంకొకటి, సామాజిక తనిఖీ. మస్టర్‌లో ఉన్న పేర్లు, రోజులు ఊరి సభలో పైకి చదవాల. నేను 7వ తరగతిలో ఉన్నప్పుడు మా తండాలో చదివినారు. యాడి పేరు మీద 6 రోజులే ఉంది. ఆమె పోయిన ప్రతి రోజూ గోడకు బొగ్గుతో ఒక గీత గీసింది. నేను లెక్కపెట్టినాను, 11 గీతలు. సభలో లేచి చెప్పింది. వచ్చినోళ్లు రాసుకున్నారు. ఆ 5 రోజుల డబ్బు ఇంకా రాలేదు.

కూలి ఆలస్యమైతే ఇంట్లో బియ్యం ఆగవు కదా. ఆ ఏడాది మావాళ్లు బెంగళూరుకు కట్టడం పనికి పోయినారు. తమ్ముణ్ణి వెంట తీసుకుపోయినారు. వాని 4వ తరగతి అక్కడితో ఆగిపోయింది. నేను హాస్టల్లో ఉన్నాను కాబట్టి చదువుతున్నాను.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం బదులు కొత్త చట్టం ఆమోదించింది. 100 రోజులను 125 చేశారు, అది మంచిదే. కానీ సేద్యం పనులు ఎక్కువగా ఉండే కాలంలో 60 రోజులు ఈ పని ఆపుతారని కూడా అందులో ఉంది. రైతులకు కూలోళ్లు దొరకాలని అంట. శెనక్కాయలు పీకేది కూడా ఆ కాలంలోనే. అప్పుడు ఒకే రేటు పని ఉండదు, చేని పనే ఉంటుంది. అక్కడ యాడికి ఆడోళ్ల కూలే ఇస్తారు.