పాడి లాభానికి మూలం – ఈతకు ఈతకు మధ్య ఎడం



మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా "అయ్యా, పాడి గిట్టుబాటు కావడం లేదండీ" అన్న మాట వింటూనే ఉంటాము. పాల ధర, దాణా ధర ముఖ్యమైనవే, కాదనము. కాని మన కొట్టంలోనే కనిపించకుండా జరిగే నష్టం ఒకటి ఉన్నది. అది ఆవు సకాలంలో చూలు కట్టకపోవడం.

ఉదాహరణకు రెండు సంకరజాతి ఆవులను తీసుకొందాము. నల్లావు ఈతకు 3,000 లీటర్లు, ఎర్రావు 2,700 లీటర్లు ఇస్తాయనుకొందాము. సంతలో అందరూ నల్లావునే బేరమాడతారు. అయితే నల్లావు 18 నెలలకు, ఎర్రావు 13 నెలలకు ఒకసారి ఈనుతున్నాయనుకోండి. ఈత నుండి ఈత వరకు లెక్కకడితే నల్లావు పాలు రోజుకు సుమారు 5.5 లీటర్లు, ఎర్రావు పాలు 6.8 లీటర్లు పడతాయి. మేత మాత్రం రెండింటికీ రోజూ వేయవలసిందే. వట్టిపోయిన ఆవుకు ఆకలి తీరదు గదా!

ఆవు చూలు కాలం దాదాపు 280 రోజులు. కనుక 13 నెలలకు మళ్ళీ ఈనాలంటే, ఈనిన 110 రోజుల లోపల చూలు నిలవాలి. ఎద సుమారు 21 రోజులకు ఒకసారి వస్తుంది. ఒక్క ఎద గమనించకపోతే మూడు వారాలు పోయినట్లే.

ఇందుకు సభ్యులు చేయవలసినవి:

1. ఉదయం, సాయంత్రం ఆవును పరిశీలించాలి. అరవడం, మేత తగ్గించడం, తీగలు వేయడం ఎద లక్షణాలు. వేసవిలో ఇవి సరిగా బయటపడవు.

2. ఈనిన 60 రోజుల తర్వాత వచ్చిన ఎదలో సూది వేయించాలి. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం వేయించాలి.

3. సూది వేయించిన మూడు నెలలకు పశువైద్యునిచే చూడి పరీక్ష చేయించాలి.

4. ఈనిన తర్వాత ఆవు చిక్కిపోకుండా పాలను బట్టి దాణా, పచ్చిమేత, రోజూ ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి. చిక్కిన ఆవు ఎదకు రాదు.

5. ఈతకు రెండు నెలల ముందు పాలు పితకడం మానాలి.

ఈనిన తేదీ, ఎద తేదీ, సూది తేదీ కొట్టం గోడమీద బొగ్గుతోనైనా వ్రాసి ఉంచండి. ఆవు పాలివ్వడం లేదని అమ్మివేసే ముందు ఆ తేదీలను ఒకసారి చూడండి. లోపం ఆవుదా, మన అశ్రద్ధదా అన్నది అక్కడే తేలుతుంది.