ముందు లేత ఆకు చూడండి

మొక్కజొన్న మొలిచిన రెండు మూడు వారాలకు చేలోకి దిగి సుడి దగ్గరి లేత ఆకులు చూడండి. మధ్య ఈనెకు అటూ ఇటూ తెల్లటి చారలు తేలితే జింకు లోపం. అడుగున ఉన్న ముదురు ఆకులు కొస నుంచి ఈనె వెంబడి పసుపుబారితే నత్రజని కొరత. గట్టు మీద నిలబడి చూసేవారికి రెండూ ఒకటే, పైరు పాలిపోయింది. వెంటనే యూరియా బస్తా విప్పేస్తారు. లోపం జింకుదైతే ఆ ఖర్చు దండగే.

మన విషయంలోనూ గట్టు మీది చూపే ఎక్కువ. ఉద్యోగంలో ఎదుగుదల ఆగిందనగానే ఇంకో కోర్సు, ఇంకో సర్టిఫికెట్టు. సబ్జెక్టు ఇప్పటికే కొట్టినపిండి. నలుగురిలో నోరు పెగలకపోవడమే అసలు ఇబ్బంది. అయినా మళ్లీ సబ్జెక్టే చదువుతాం, ఎందుకంటే అది మనకు వచ్చు. పొలంలో, ఉన్నదాన్నే మళ్లీ వేసే ఈ అలవాటు నష్టమే చేస్తుంది. భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు అందడం తగ్గుతుంది. జింక్ సల్ఫేటును భాస్వరం ఉన్న డీఏపీతో గానీ సూపర్ ఫాస్ఫేటుతో గానీ కలిపి వేయొద్దనేది అందుకే.

లోపం తెలిస్తే మందు చిన్నదే. పైరు మీద చారలు కనిపించినప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తారు. మీరూ అంతే చేయండి. ఈ వారం మీటింగులో ఒక్క ప్రశ్న అడగండి, పై వారం ఇంకొకటి. గొంతు వణికినా సరే, అడగండి.

కొన్నిసార్లు లోపమే ఉండదు, ఉన్నది అందదు. ఏళ్ల తరబడి వేసిన భాస్వరంలో చాలా భాగం మట్టిలోనే బిగుసుకుపోయి ఉంటుంది. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా సేంద్రియ ఆమ్లాలు వదిలి దాన్ని వేళ్లకు అందిస్తుంది. అజోస్పైరిల్లం వేళ్లను ఆశ్రయించి గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తుంది, వేళ్లు బాగా విస్తరించేలా చేస్తుంది. బ్రెజిల్‌లో జోహన్నా డోబెరైనర్ ఈ బ్యాక్టీరియా మీద పరిశోధనకు బాట వేశారు. అదే దేశంలో ఇటువంటి సూక్ష్మజీవులపై దశాబ్దాలు పనిచేసిన మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. కంటికి కనిపించని జీవి మీద ఒక జీవితకాలం పెట్టిన ఓపిక అది, నాకు ఎంతో గౌరవం.

మీలో బిగుసుకుపోయిన చదువును కరిగించాలంటే ఒక జూనియర్‌ని కూర్చోబెట్టుకుని మీకు తెలిసింది నేర్పండి. అతడు అడిగే ప్రశ్నలకు, ఎప్పుడో చదివి వదిలేసినవన్నీ బయటికొస్తాయి.

ఇలాంటి బ్యాక్టీరియాతో చేసిన జీవన ఎరువులో ఉన్నది ప్రాణం. విత్తనానికి శిలీంధ్రనాశిని, పురుగుమందు పట్టించాకే చివరగా దీన్ని పట్టించి నీడలో ఆరబెట్టాలి. పొలంలో చల్లేటట్టయితే బాగా మాగిన పశువుల ఎరువులో కలపాలి, రసాయన ఎరువుతో కలపకూడదు. కొనేటప్పుడు ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. విత్తే ముందే మట్టి పరీక్షకు ఇచ్చి, సూక్ష్మపోషకాలు కూడా చూడమని అడగండి.