ఆప్షన్ల బేరంలో కంప్యూటరు: లెక్క దానిది, ఊహ మనది

"కంప్యూటరే లెక్క కట్టింది, ఇంక తిరుగేముంది?" ఈ మాట ఈ మధ్య హాస్టలు గదుల్లో తరచు వినబడుతోంది. ఆ లెక్కేమిటో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో చూద్దాం.

ఆప్షన్ అంటే ఒక హక్కు. ఇవాళ 1000 రూపాయలున్న షేరును నెల తర్వాత అదే ధరకు కొనే హక్కును కొంత సొమ్మిచ్చి తీసుకుంటాం. స్థలానికి బయానా ఇచ్చినట్టే అనుకోండి. అయితే బయానా ధరలో కలుస్తుంది, ఇది కలవదు. షేరు పెరగకపోతే ఇచ్చిన సొమ్ము పోయినట్టే.

ఈ హక్కు విలువ ఎంత? 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ దీనికొక సూత్రం ప్రకటించారు. దానికి కావలసినవి ఐదు అంకెలు: షేరు ధర, ఒప్పందపు ధర, గడువు, వడ్డీ రేటు, షేరు ధరలోని ఒడుదొడుకులు. మొదటి నాలుగూ తెలిసినవే. రాబోయే నెలలో ఒడుదొడుకులు ఎంత ఉంటాయో మాత్రం ఎవరికీ తెలియదు. అది మన అంచనా.

పై ఉదాహరణలో వడ్డీ సున్న అనుకుందాం. ఒడుదొడుకులు ఏడాదికి 20 శాతమని ఇస్తే హక్కు విలువ సుమారు 23 రూపాయలు వస్తుంది. 40 శాతమంటే 46. కంప్యూటరు రెండుసార్లూ తప్పు చెయ్యలేదు. తేడా అంతా మనం పెట్టిన అంకెలోనే ఉంది.

పాత ధరల మీద పరీక్షించి చూసుకోవచ్చు కదా అంటారా? చూసుకోవచ్చు. కాని పాత ప్రశ్నపత్రానికి సరిపోయేలా జవాబులు దిద్దుకుంటూ పోతే అందులో నూటికి నూరు ఎవరికైనా వస్తాయి. మార్కెట్టు ఇచ్చేది కొత్త పేపరు!

షోల్స్‌కూ, ఆ సూత్రాన్ని విస్తరించిన రాబర్ట్ మెర్టన్‌కూ 1997లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వారిద్దరూ భాగస్వాములైన లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ మరుసటేడే కుప్పకూలింది. 360 కోట్ల డాలర్లు పోసి బ్యాంకులు దాన్ని ఆదుకోవలసి వచ్చింది. వారికి లెక్కలు రాకనా?

మన దేశం సంగతి సెబీ 2024లో చెప్పింది. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో షేర్ల ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే.

కనుక మిత్రులారా, స్ప్రెడ్‌షీటు నేర్చుకోండి, పైథాన్ నేర్చుకోండి, సూత్రాన్ని స్వయంగా కట్టి చూడండి. అది మంచి చదువు. "ఎంత వస్తుంది?" అని అడిగేముందు "నా ఊహ తప్పితే ఎంత పోతుంది?" అని కంప్యూటరును అడగండి. ఇంటినుంచి వచ్చిన ఫీజు డబ్బును మాత్రం ఆ ఐదో అంకె మీద పెట్టకండి.