ఉన్న బరువు సరిపోతుంటే ఇంకా తగ్గాలా?



ఊబకాయం గురించి మీరు చాలాచోట్ల చదివి ఉంటారు. ఈ నెల ఆరోగ్య పాఠం ఊబకాయం లేనివారి కోసం. ఎత్తుకు తగిన బరువే ఉన్నా “ఇంకో మూడు కిలోలు తగ్గితే బాగుండు” అనుకునేవారు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. పెండ్లి కుదిరిన ఆడపిల్ల, కాన్పై ఏడాది దాటిన తల్లి, ప్యాంటు బిగువైన మాస్టారు, ఎవరో “ఒళ్లు చేశావే” అన్నందుకు రాత్రి భోజనం మానేసిన అక్క, అందరికీ ఇదే కోరిక. కోరికలో తప్పు లేదు. అయితే దానికోసం పట్టే దారి ఒక్కోసారి ఒంటికి చేటు తెస్తుంది. అందుకే ఈ విషయాన్ని మెట్టుమెట్టుగా తెలుసుకుందాం.

1. మన బరువు సరైనదేనా?

ముందు లెక్క చూసుకోవాలి. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. వచ్చిన అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువు ఉన్న స్త్రీకి ఇది సుమారు 21 వస్తుంది. మన దేశపు పెద్దవారికి 18.5 నుండి 23 లోపు ఉంటే సరైన బరువు. పాశ్చాత్య దేశాల్లో 25 వరకు సరే అంటారు గాని, మనవారికి షుగరు, గుండె జబ్బులు తక్కువ బరువులోనే వస్తున్నందున మన వైద్యులు 23 దగ్గరే గీత గీశారు.

లెక్క కష్టమనుకునేవారు ఈ పట్టిక చూడండి.

ఎత్తు 150 సెం.మీ. అయితే బరువు 42 నుండి 51 కిలోలు
ఎత్తు 155 సెం.మీ. అయితే 45 నుండి 55 కిలోలు
ఎత్తు 160 సెం.మీ. అయితే 48 నుండి 58 కిలోలు
ఎత్తు 165 సెం.మీ. అయితే 51 నుండి 62 కిలోలు
ఎత్తు 170 సెం.మీ. అయితే 54 నుండి 66 కిలోలు

ఈ అంకెలు పిల్లలకు, గర్భిణులకు వర్తించవు. మీ బరువు ఈ హద్దుల్లో ఉంటే కేవలం తూకం కోసం తగ్గవలసిన అవసరం లేదు. ఉన్న బరువు కింది అంకెకు దగ్గరగా ఉంటే అసలు తగ్గకూడదు.

2. తూకం చెప్పని సంగతి

అయితే తూకం మాత్రమే చూసి నిశ్చింతగా ఉండడం కూడా సరికాదు. 2004లో ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక ఫోటో అచ్చయింది. అందులో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన ఉన్నారు. ఒకరు పూణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. కాని ఒంట్లోని కొవ్వు కొలిస్తే యుడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం ఉంది. అంటే పైకి ఒకే తీరుగా కనిపించినా మన భారతీయుల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండవచ్చు. ఆ కొవ్వు ఎక్కువగా పొట్ట చుట్టూ చేరుతుంది. షుగరుకు, రక్తపోటుకు దారి తీసేది ఇదే.

కాబట్టి దర్జీ వాడే కొలత టేపుతో నడుము కొలుచుకోండి. కింది పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యభాగంలో టేపు చుట్టాలి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా గాలి వదిలాక కొలవాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు దాటకూడదు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31 అంగుళాలు దాటకూడదు. బరువు సరిగా ఉండి నడుము కొలత దాటితే, మీరు తగ్గించవలసింది పొట్ట, పెంచవలసింది కండ. ఈ రెండూ సరిగా జరిగితే తూకంలో ఒక్క కిలో కూడా తగ్గకపోవచ్చు. అయినా మీరు గెలిచినట్లే.

3. తిండి మానేస్తే ఏమవుతుంది?

చాలామంది చేసే మొదటి పని ఒక పూట పస్తు ఉండడం. మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు తగ్గినట్లు కనబడుతుంది. అందులో ఎక్కువ భాగం నీరే. ఒంట్లో నిలవ ఉన్న పిండిపదార్థం ఖర్చయ్యేటప్పుడు దానితో పట్టి ఉన్న నీరు కూడా బయటికి పోతుంది. మళ్లీ మామూలుగా తినగానే ఆ నీరు తిరిగి వస్తుంది. మన ఎండాకాలంలో చెమట పోసి తగ్గిన బరువు కూడా ఇటువంటిదే. చెంబు నీళ్లు తాగితే తిరిగి వస్తుంది.

తిండి తగ్గితే ఒంటికి ఏమవుతుందో మన కర్నూలు, కడప ప్రాంతాల పెద్దలకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. 1876 నుండి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో ఈ నేల ఎంతో నష్టపోయింది. 1877లో కరువు పనులకు వచ్చిన కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించారు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. కష్టం చేసే మనిషికి ఇది చాలదని, పప్పు కూడా ఉండాలని మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. చివరికి ఆ సంవత్సరమే కూలి పెంచవలసి వచ్చింది. కడుపు నింపే గింజలతోపాటు కండను నిలిపే పప్పు కూడా కావాలన్న ఆ మాట నేటికీ నిజమే.

బాగా ఉన్నవారు తిండి తగ్గిస్తే ఏమవుతుందో తరువాత శాస్త్రీయంగా కూడా చూశారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక పరీక్ష జరిపారు. వీరు మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనని చెప్పి, దానికి బదులు ఈ సేవకు ఒప్పుకున్నవారు. వారిలో చాలామంది శాంతిని బోధించే సంఘాలకు చెందినవారు. 24 వారాలపాటు వారికి తిండి బాగా తగ్గించారు. బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు నీరసం, చలి, చిరాకు, దిగులు వచ్చాయి. నాడి నెమ్మదించింది. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన. మళ్లీ కడుపునిండా తిండి దొరికినప్పుడు కండ కంటే కొవ్వు ముందుగా తిరిగి వచ్చింది.

మూడు కిలోల కోసం మనం అంత దూరం వెళ్లము, నిజమే. కాని దారి అదే. పస్తులతో కొవ్వుతోపాటు కండ పోతుంది. తిరిగి తినడం మొదలుపెట్టాక కొవ్వు వచ్చి చేరుతుంది. ఇలా నాలుగైదుసార్లు చేసినవారికి తూకం పాతదే ఉన్నా కండ తగ్గి పొట్ట పెరిగి ఉండవచ్చు.

4. రక్తహీనత ఉన్నవారికి పస్తు తగదు

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ప్రతి 100 మందికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. అంటే బరువు తగ్గాలనుకునే ఇద్దరు ఆడపిల్లలలో ఒకరికి అప్పటికే రక్తం తక్కువగా ఉండవచ్చు. మెట్లు ఎక్కితే ఆయాసం, తల తిరగడం, గుండె దడ, జుట్టు రాలడం వంటివి ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భం లేని స్త్రీలకు 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాములు ఉండాలి. అంతకు తక్కువగా ఉంటే బరువు మాట పక్కనపెట్టి రక్తం సంగతి చూసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పెండ్లి చూపుల కోసమని ఆడపిల్లను పస్తు పెట్టవద్దు. రేపు ఆమె తల్లి కావలసి ఉంది. రక్తం లేని ఒంటితో కాన్పు అంటే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, 65 దాటిన పెద్దలు, జబ్బుపడి లేచినవారు డాక్టరును అడగకుండా బరువు తగ్గించే ప్రయత్నం చేయకూడదు. లెంట్ రోజుల్లో ఉపవాసం ఉండే కుటుంబాలలో షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉంటే ముందుగా డాక్టరుతో మాట్లాడండి. మందు వేసుకుని తినకుండా ఉంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు.

5. మరి ఏం చేయాలి?

నడుము కొలత దాటినవారు, లేదా రెండు మూడు కిలోలు తగ్గినా హద్దుల్లోనే ఉండేవారు నిదానంగా ప్రయత్నించవచ్చు. నెలకు ఒక కిలోకు మించి తగ్గకూడదు. మా సలహాలు ఇవి.

చక్కెర: రోజుకు నాలుగు కప్పుల టీ, కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకోండి. అది రోజుకు 40 గ్రాములు, నెలకు 1,200 గ్రాములు. కప్పుకు ఒక చెంచా తగ్గిస్తే రోజుకు 80 కేలరీలు మిగులుతాయి. కాగితం మీద లెక్కకు అది నెలకు సుమారు 300 గ్రాముల కొవ్వు. ఏ పూటా పస్తు లేదు. భోజనంతోపాటు టీ తాగవద్దు, గంట ఎడం ఉంచండి. టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది.

నూనె: ఒక లీటరు నూనెలో 8,000కు పైగా కేలరీలు ఉంటాయి. ఇంటికి నెలకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో చూసి, వచ్చే నెల అర లీటరు తగ్గించండి. మన ఉగ్గానిలో బొరుగులు తేలికే, పక్కన తినే బజ్జీలే బరువు. నాలుగు తినేవారు ఒకటితో సరిపెట్టుకోవచ్చు.

పళ్లెం: అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, ఆకుకూర పెంచండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి. ఉలవ గుగ్గిళ్లు, అలసందలు, పెరుగు, చేపలు అన్నీ మంచివే. జొన్నరొట్టె, రాగి సంగటి మన నేల తిండి. వాటిని పేదవారి తిండి అని వదలకండి. అయితే సంగటి కూడా కొలత మీరితే బరువు పెంచుతుంది.

కష్టం: మగ్గం ముందు, కుట్టు మిషను ముందు, దుకాణంలో రోజంతా కూర్చునేవారు వారానికి 150 నిమిషాలైనా చురుకుగా నడవాలి. ఎండెక్కక ముందు నడవండి. వారానికి రెండు రోజులు కండకు పని పెట్టండి. చేతులు ఆనించకుండా కుర్చీలోనుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం చాలు. పొలంలో, ఇంట్లో ఇప్పటికే ఒళ్లు వంచి కష్టపడేవారికి వేరే వ్యాయామం అక్కరలేదు. వారికి కావలసింది తగిన తిండి, నిద్ర.

తూకం: వారానికి ఒక్కసారి, ఉదయం పరగడుపున, ఒకే యంత్రం మీద చూసుకోండి. రోజూ చూస్తే ఉప్పు, నీరు, నెలసరి వల్ల వచ్చే తేడాలకే దిగులు పడతారు.

6. మందులు, పొడులు, ఇంజక్షన్లు

నెలలో సన్నబడతారంటూ అమ్మే పొడులను, మాత్రలను నమ్మవద్దు. ఒకప్పుడు డాక్టర్లే రాసిన సిబుట్రమిన్ అనే మందును గుండెకు హాని చేస్తున్నందున 2011లో మన ప్రభుత్వం నిషేధించింది. 2025లో మన దేశానికి బరువు తగ్గించే కొత్త ఇంజక్షన్లు వచ్చాయి. అవి ఊబకాయం ఉన్నవారికి, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసినవి. సరైన బరువున్నవారు మూడు కిలోల కోసం వాడేవి కావు.

7. ప్రయత్నం లేకుండా బరువు తగ్గితే

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. మీరు ఏమీ చేయకుండానే జాకెట్టు వదులైతే, లుంగీ జారుతుంటే సంతోషపడకండి. ఆరు నెలల్లో మీ బరువులో 20వ వంతు, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు, కారణం లేకుండా తగ్గితే తప్పక పరీక్ష చేయించుకోవాలి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే అది క్షయ కావచ్చు. అతిదాహం, ఎక్కువసార్లు మూత్రం, బాగా తింటున్నా చిక్కిపోవడం ఉంటే షుగరు కావచ్చు. గుండె దడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ కావచ్చు. క్యాన్సర్ వల్ల కూడా బరువు తగ్గవచ్చు. “సన్నబడ్డావు, బాగున్నావు” అని నలుగురూ అంటుంటే జబ్బు లోపల ముదిరిపోతుంది.

క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితం. క్షయ రోగుల పోషణకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సహాయం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలైంది. జార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురించబడిన ఒక పెద్ద అధ్యయనంలో, క్షయ రోగుల ఇంటివారికి మంచి తిండి అందించినప్పుడు వారిలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఒంటి మీద తగినంత బరువు ఉండడం జబ్బుకు అడ్డుగోడ అని దీనినిబట్టి తెలుస్తుంది.

ఈ నెల ఇంట్లో చేయవలసినవి

1. ఇంటిలోని పెద్దలందరి ఎత్తు, బరువు, నడుము కొలిచి, తేదీ వేసి, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.
2. ఆడపిల్లలకు, తల్లులకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.
3. టీలో ఒక చెంచా చక్కెర, ఇంటికి అర లీటరు నూనె తగ్గించండి. పప్పు మాత్రం తగ్గించవద్దు.
4. మూడు నెలల తరువాత మళ్లీ కొలవండి. కారణం లేకుండా తూకం పడిపోతే ఆ నోటు పుస్తకం తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరకు రండి.

సరైన బరువు ఉన్నవారు దానిని నిలుపుకొనడమే గొప్ప ఆరోగ్యం. ఒకరి ఒంటిని చూసి వ్యాఖ్యానించే అలవాటును మన ఇళ్లలో మానుకుంటే, సగం పస్తులు వాటంతట అవే ఆగిపోతాయి.